వెనక్కి వచ్చిన దీపం

సలోమిని మూడు గంటలకు జీపెక్కించి రాజోలు తీసుకుపోతారన్న సంగతి డిటెక్టివ్ ఏసుదాసుకు బస్సు దిగకముందే తెలిసిపోయింది. చెప్పింది కండక్టరు. కండక్టరుకు చెప్పింది సోడా కొట్టువాడు. మొగుణ్ణి ఏట్లోకి తోసేసిన పంతులమ్మ కథ పొద్దున్న ఆరింటికి సఖినేటిపల్లి రేవులో పుట్టి, పదింటికల్లా రాజోలు చేరి, తిరుగు బస్సులో మళ్ళీ రేవుకే వచ్చేస్తోంది. వచ్చేసరికి అందులో ఒక ప్రియుడు కూడా తయారయ్యాడు.

ఏసుదాసు గడియారం చూసుకున్నాడు. పన్నెండూ పది. బస్సు మెట్టు మీదే ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, "ప్రభువా, నా తెలివి నాకు అడ్డం రాకుండా చూడు" అనుకున్నాడు. ఏ కేసుకైనా ముందు అతను చేసే ప్రార్థన అదొక్కటే. పదహారేళ్ళు పోలీసు శాఖలో పనిచేసి, హెడ్ కానిస్టేబులుగా ఉండగా మనసు ఒప్పక రాజీనామా ఇచ్చి, అమలాపురంలో ప్రైవేటు డిటెక్టివు బోర్డు పెట్టుకున్న మనిషి. తన తెలివి తనను ఎన్నిసార్లు తప్పుదారి పట్టించిందో అతనికి లెక్క తెలుసు.

పొద్దున్న ఎనిమిదింటికి అతనికి ట్రంకాల్ చేసింది దానమ్మ. కనిపించకుండా పోయిన బాబూరావుకు అక్కగారు. ఫోనులో ఆమె ఏడవలేదు. విషయం అంతా వరసగా చెప్పి, చివర్న ఒక్క మాట అంది. "మా తమ్ముడు బతికున్నాడో లేదో దేవుడికి తెలుసండి. మా మరదలు మాత్రం ఆ పని చెయ్యలేదు. అది నాకు తెలుసు."

ఆమె చెప్పినదాన్ని బట్టి బాబూరావుకు నలభై ఆరేళ్ళు. మామిడికుదురు హైస్కూల్లో లెక్కల మాస్టారు. సలోమి అక్కడే చిన్న తరగతులకు చెబుతుంది. పిల్లలు లేరు. మూడేళ్ళ కిందట దిండి రేవులో ఎవరో వదిలేసిన పాత లాంచీ ఒకటి తీసుకుని, ఆదివారం ఆరాధన అయ్యాక, సెలవుల్లోనూ ఇద్దరూ కూర్చుని దాన్ని బాగుచేసుకున్నారు. ఇంజను పని ఆయనది. రంగులు, పరుపులు, తెరలు ఆవిడవి. బేతనియ అని పేరు పెట్టుకున్నారు. ఉద్యోగాలు విరమించాక గోదావరి మీదే తిరుగుతూ బతకాలని వాళ్ళ ఆశ. రాత్రిపూట నీళ్ళ మీద ఉండటం మాత్రం నిన్ననే మొదలు. శుక్రవారం మధ్యాహ్నం సెలవు పెట్టి దిండిలో బయల్దేరి, రాత్రి ఎనిమిదింటికి సఖినేటిపల్లి రేవుకు రెండు మైళ్ళు దిగువన ఏటి నడుమ లంగరు వేశారు. తెల్లారి అంతర్వేది దగ్గర సముద్రం చూసి తిరిగి వచ్చెయ్యాలి. తెల్లారేసరికి లాంచీ ఉంది, సలోమి ఉంది. బాబూరావు లేడు. లాంచీ వెనక కట్టుకున్న చిన్న దోనె కూడా లేదు.

రేవు షెడ్డులో బల్ల మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ బంగారరాజు. మండపేట నుంచి బదిలీ మీద వచ్చి ఆరు నెలలు. అక్కడ రైసుమిల్లులు, లారీలు, తాగి కొట్టుకునే క్లీనర్లు. ఆ కేసుల్లో అతనికి మంచి పేరుంది. చెడ్డవాడు కాదు. తొందర మనిషి. ఒకప్పుడు ఏసుదాసు అతని కిందే పనిచేశాడు.

"ఏం హెడ్డుగారూ, తప్పిపోయిన గేదెలన్నీ దొరికేసేయా? మనుషుల మీద పడ్డారు."

"గేదెలకు అబద్ధం రాదండి. అందుకని తొందరగానే దొరికిపోతాయి," అన్నాడు ఏసుదాసు, నమస్కారం పెడుతూ.

బంగారరాజు నవ్వాడు. తన కేసు మీద అతనికి అనుమానం లేదు కాబట్టి కాగితాలు చూపించడానికి బెట్టు చెయ్యలేదు. లాంచీ మీద ఉన్నది ఇద్దరే. మూడోమనిషి వచ్చిన గుర్తు లేదు. భార్య ఇచ్చిన వాంగ్మూలం ఎక్కడికక్కడ తేలిపోతోంది. లంగరు వేసినప్పుడు నరసాపురం రేవు దీపం లాంచీ ముందు కనిపించిందట. తను మొగుడికి కాపలా అప్పగించి పడుకునే వేళకు అదే దీపం వెనక ఉందట. లాంచీ మాత్రం లంగరు మీదే ఉందట.

"మీ సర్వీసులో కరెంటు దీపం నడిచి వెళ్ళడం ఎప్పుడైనా చూసేరా?" అన్నాడు బంగారరాజు. "లాంచీని నడిపించి ఎక్కడికో తీసుకెళ్ళింది. శవాన్ని వదిలింది. మళ్ళీ తెచ్చి లంగరు వేసింది. దిక్కు తిప్పి వేసినట్టు గమనించుకోలేదు. చదువుకున్నవాళ్ళు ఇలాంటి చోటే దొరికిపోతారు."

దానికి తోడు సాక్షి ఒకడున్నాడు. సింహాద్రి, అరవై ఏళ్ళు దాటిన పడవవాడు, ఒకప్పుడు లాంచీలు నడిపిన సరంగు. తెల్లారగట్ల మూడు గంటలకు దోనె బోర్లాపడి సముద్రం వైపు కొట్టుకుపోతూ ఉండగా చూశానని వేలిముద్ర వేశాడు. ఆ మాట మీదే పొద్దుటినుంచి రెండు మరబోట్లు అంతర్వేది వైపు గాలిస్తున్నాయి. పాత సరంగు చెప్పాడంటే అది దేవుడి మాటే. రేవులో ఎవరూ మారుమాట అడగలేదు.

ఏసుదాసు ఆ కాగితం రెండుసార్లు చదివాడు. రెండోసారి చదివేటప్పుడు అతని వేలు "మూడు గంటలు" అన్న చోట ఆగింది. కాగితం తిరిగి ఇచ్చేశాడు.

"మూడు గంటలవరకూ నాకు టైముంది కదండీ?"

"మీ కోసం మూడూ అయిదు చేస్తాను," అన్నాడు బంగారరాజు.

*

షెడ్డు వెనక గదిలో చాప మీద కూర్చుంది సలోమి. పక్కన దానమ్మ, ఒళ్ళో మూసి ఉన్న బైబిలు. గుమ్మంలో ఒక కానిస్టేబులు. కిటికీ ఊచల అవతల రేవు జనం మొహాలు. ఏసుదాసు ముందు వెళ్ళి కిటికీ తలుపు వేశాడు. ఆమె పొద్దుటినుంచి ఏమైనా తీసుకుందా అని దానమ్మను అడిగాడు. సింహాద్రి ఎవరో రెండుసార్లు కొబ్బరిబొండాలు పంపేడట, ముట్టుకోలేదట. బొండాం ఒకటి తెప్పించి, ఆమె తాగేదాకా ఏమీ అడగకుండా కూర్చున్నాడు. అయిదు నిమిషాలు పోయాయి. పోనిచ్చాడు.

తరవాత ఆమె చెప్పింది. రాత్రంతా ఒకళ్ళు మేలుకుని ఒకళ్ళు పడుకోవాలని ముందే అనుకున్నారు. లంగరు జారిందో లేదో తెలియాలంటే ఒడ్డున ఒక దీపం గుర్తు పెట్టుకుని, అది చోటు మారకుండా ఉందా అని చూసుకోవాలని ఆయన పుస్తకంలో చదివారు. ఎనిమిది నుంచి పదకొండు దాకా ఆయన కాపలా. పదకొండు నుంచి రెండు దాకా ఆమెది. పదకొండింటికి నరసాపురం దీపం లాంచీ ముక్కుకు సూటిగా ఉంది. నిద్ర రాకుండా కీర్తనలు పాడుకుంటూ కూర్చుంది. ఒంటిగంట దాటాక దీపం మెల్లిగా ఎడమకు జరగడం మొదలుపెట్టింది. తరవాత పూర్తిగా పక్కకు. ఒకటిన్నరకల్లా వెనక్కి వచ్చేసింది. ఆమె వంగి లంగరు మోకు పట్టి చూసింది. బిగుతుగానే ఉంది.

"మాస్టార్ని లేపలేదా అమ్మా?"

సలోమి తల దించుకుంది.

"లేపలేదండి. మొదటి రాత్రే నువ్వు భయపడి నన్ను లేపేస్తావు చూడు అని వారం రోజులబట్టి ఆటపట్టించేరండి. లేపను గాక లేపనని పంతం పట్టేను. నాకు నిద్రమత్తుకు కళ్ళు తిరుగుతున్నాయి అనుకున్నాను. రెండింటికి ఆయన లేచినప్పుడు కూడా చెప్పలేదు. ఫ్లాస్కులో కాఫీ పోసిచ్చేను. ఏమీ జరగలేదు కదా అన్నారు. ఏమీ జరగలేదన్నాను." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అది అబద్ధమే కదండీ అన్నయ్యగారూ. నేను ఆయనతో ఆడిన ఆఖరి మాట అబద్ధం."

దానమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసింది. ఏసుదాసు ఖాళీ బొండాం పక్కకు జరిపి, తరవాత ఏం జరిగిందని అడిగాడు.

నిద్రలో దోనె లాంచీకి తగిలిన చప్పుడు వినిపించింది. ఆయన గొంతు కూడా. "ఇప్పుడే వచ్చేస్తాను, పడుకో" అన్నారు. రేడియం గడియారంలో రెండూ నలభై. మళ్ళీ నిద్రపోయింది. లేచేసరికి అయిదున్నర.

"మొగుడు దోనె ఎక్కి పోతుంటే నిద్ర ఎలా పట్టిందని అడిగేరండి ఇన్‌స్పెక్టరుగారు," అంది. "వచ్చేస్తాను అన్నారు కదండీ. ఆయన అంటే వస్తారు."

*

ఒంటిగంటకు ఏసుదాసు బేతనియ ఎక్కాడు. పోలీసులు దాన్ని లాక్కొచ్చి రేవులో కట్టారు. బంగారరాజు కూడా వెంట వచ్చాడు, చెప్పులు తడవకుండా పలక మీద జాగ్రత్తగా అడుగులు వేస్తూ.

లోపల రెండు పరుపులు. ఒకటి నలిగి ఉంది, ఒకటి మడతపెట్టి ఉంది. గొడవ జరిగిన గుర్తు లేదు. దోనె కట్టే కొక్కెం దగ్గర తాడు తెగలేదు, ముడి విప్పి ఉంది. ఏసుదాసు ఏమేమి ఉన్నాయో చూడటం మానేసి, ఏమేమి లేవో చూడసాగాడు. సలోమి చెప్పిన సామాన్లలో ఒక దుప్పటి లేదు. కాఫీ ఫ్లాస్కు లేదు. గోడకు చెక్కపెట్టె ఒకటి, పైన ఎర్ర శిలువ గుర్తు. తెరిస్తే టింక్చరు సీసా చోటు ఖాళీ, దూది చోటు ఖాళీ.

"దుప్పటి శవాన్ని చుట్టడానికి," అన్నాడు బంగారరాజు.

"మరి టింక్చరు?"

బంగారరాజు పెట్టెలో ఖాళీ చోట వేలు పెట్టి చూశాడు.

"కాఫీ కూడా పట్టుకెళ్ళేరండి. చలికి వణికేవాడికి పట్టుకెళ్ళినట్టుంది."

"మీకు మనుషులంతా మంచివాళ్ళే, హెడ్డుగారూ. అందుకే మీకు ప్రమోషను రాలేదు."

"ఆయ్, అందుకేనండి," అని ఏసుదాసు లాంచీ ముందువైపు బోర్లా పడుకుని కిందికి తొంగిచూశాడు. లేత నీలం రంగు కొత్తగా వేసింది, ఇంకా వాసన పోలేదు. ముక్కు దగ్గర మొదలై ఎడమ పక్కనే నీటి అంచు వెంట బారెడు దూరం రంగు లేచిపోయి ఉంది. గీరినచోట కొబ్బరిపీచు పోగులు అంటుకుని ఉన్నాయి. లంగరు మోకు ముందుకు లాగి ఉంటే ముక్కు దగ్గరే రాసుకోవాలి. అది పక్క వెంబడి రాసుకుంటూ వెనక్కి వెళ్ళింది.

ఏసుదాసు లేచి చేతులు దులుపుకున్నాడు. అతని తండ్రి నలభై ఏళ్ళు లాంచీ సరంగు. చిన్నప్పుడు సెలవులకు తండ్రితో లాంచీ మీదే పడుకునేవాడు. గడియారం చూశాడు. ఒకటీ ఇరవై.

"ఇన్‌స్పెక్టరుగారూ, మీ దీపం నడుస్తుందో లేదో మీ కళ్ళతోనే చూద్దురుగాని. అరగంట పని. లాంచీని నడి ఏట్లోకి తీసుకెళ్ళి లంగరు వేద్దాం. ముసలి సరంగుని కూడా రమ్మనండి, నడపడానికి ఉంటాడు."

బంగారరాజుకు నీళ్ళంటే పడదు. కాని రేవు నిండా జనం చూస్తున్నారు. ఒప్పుకున్నాడు. ఏసుదాసు మాట మీద సలోమిని కూడా కానిస్టేబులు కాపలాతో లాంచీ ఎక్కించారు. సింహాద్రి వచ్చి చుక్కాని దగ్గర నిలబడ్డాడు. సలోమి ఎదురుపడితే అతను మొహం తిప్పేసుకోవడం ఏసుదాసు గమనించాడు.

ఏటి నడుమ లంగరు పడింది. నీళ్ళు సముద్రం వైపు సన్నగా జారుతున్నాయి. లాంచీ ముక్కు ఎగువకు తిరిగి నిలబడింది. రేవు షెడ్డు ఎర్ర పెంకులు ముక్కుకు సూటిగా కనిపిస్తున్నాయి. ఆ పెంకుల్నే చూస్తూ ఉండమన్నాడు ఏసుదాసు. ఒకటీ ముప్పై అయిదు. నీళ్ళ మీద కొట్టుకొస్తున్న గుర్రపుడెక్క దుబ్బు ఒకటి నెమ్మదించి, ఉన్నచోటే ఆగిపోయింది. కాసేపు అలాగే ఉంది. తరవాత ఎవరో తాడు కట్టి లాగినట్టు, వచ్చిన దారినే ఎగువకు కదిలింది.

లాంచీ కూడా కదిలింది. ఎవరూ ఇంజను ముట్టుకోలేదు, ఎవరూ చుక్కాని తిప్పలేదు. ఎర్ర పెంకులు మెల్లిగా ఎడమకు జరిగాయి. బంగారరాజు బల్ల అంచు పట్టుకున్నాడు. మోకు లాంచీ పక్కను కరకరమని రాసుకుంది. రెండింటికి అయిదు నిమిషాలు తక్కువ ఉందనగా, రేవు షెడ్డు సరిగ్గా వాళ్ళ వీపుల వెనక ఉంది.

"సముద్రం నీళ్ళు ఏట్లోకి ఎదురెక్కడం మొదలైందండి," అన్నాడు ఏసుదాసు. "దీన్ని పోటు అంటారు. లంగరు చోటు మారదు, నీళ్ళు పారే దిక్కు మారుతుంది, దాంతో లాంచీ మొహం తిరుగుతుంది. మీ మండపేటలో కాలవ ఎప్పుడూ ఒక్కవైపే పారుతుంది. సరిగ్గా ఇదే రాత్రి ఒంటిగంట దాటాక జరిగింది. పన్నెండు గంటలకోసారి పోటు వస్తుంది, ఒకసారికీ ఒకసారికీ ఇరవై, పాతిక నిమిషాలు ఆలస్యమవుతుంది. ఆవిడ చూసింది చూసినట్టే చెప్పింది."

సలోమి రెండు చేతుల్లో మొహం దాచుకుంది. పొద్దుటినుంచి తనకు మతి తప్పిందేమోనని ఆమె ఎంత భయపడిందో అప్పుడు ఆమె భుజాలు చెప్పాయి.

బంగారరాజు ఒప్పుకోలేదు, కాదనలేదు. "దోనె సంగతేమిటి మరి?" అన్నాడు.

"అదే అడుగుదాం," అని ఏసుదాసు చుక్కాని వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు.

"బాబాయ్, నేను సరంగు కొడుకుని. నువ్వు ఎవరి మీదయినా ఏమైనా చెప్పు, నేను వాదించను. ఒక్క సంగతి చెప్పు చాలు. రాత్రి రెండూ నలభైకీ మూడింటికీ మధ్య ఈ ఏట్లో నీళ్ళు ఎటు నడుస్తున్నాయి?"

సింహాద్రి చుక్కాని కర్రను రెండు చేతులతో పట్టుకున్నాడు. యాభై ఏళ్ళు తనకు తిండి పెట్టిన ఏరు కింద నడుస్తూ ఉండగా, దాని మీద అబద్ధం చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

"ఎగువకండి," అన్నాడు.

"బోర్లాపడ్డ దోనె పోటుకు ఎదురీది సముద్రానికి పోతుందా?"

"పోదండి."

"ఒరేయ్," అని బంగారరాజు లేవబోయాడు. ఏసుదాసు చెయ్యి అడ్డం పెట్టాడు.

"మూడు గంటలని నేను అనలేదండి, ఇన్‌స్పెక్టరుగారే రాసుకున్నారు," అన్నాడు సింహాద్రి. "తెల్లారగట్ల అన్నాను. అది కూడా అబద్ధమే లెండి." ఒక్కసారిగా సలోమి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "అమ్మా, మాస్టారు ఉన్నారమ్మా. బతికే ఉన్నారు. నా గుడిసెలో పడుకోబెట్టేను."

*

లంగరు ఎత్తడం, ఇంజను తిప్పడం, ముక్కు ఎగువకు తిప్పడం అన్నీ సలోమే చేసింది. ఆగమని అనడానికి కానిస్టేబులుకు గాని, అతని పై అధికారికి గాని ధైర్యం చాల్లేదు. పోటు లాంచీని వెనకనుంచి తోస్తోంది. దారిలో సింహాద్రి మిగతాది చెప్పాడు.

నరసాపురం దాటి ఎగువకు వెళితే కొంగల లంక అని ఇసుక దిబ్బ ఒకటుంది. అక్కడ అతనికి పుచ్చతోట, ఒక గుడిసె. తెల్లారకముందు మసక చీకట్లో ఎవరో ఇద్దరు చిన్న పడవ మీద లంకకు వచ్చి, ఒక మనిషిని లాక్కుని పోవడం చూశాడు. "దొరికేడ్రా పేతురు" అనుకుంటూ వెళ్ళారు. వాళ్ళు రాత్రిళ్ళు దొంగబియ్యం తోలే పడవ తాలూకు మనుషులని అతనికి తెలుసు. వాళ్ళు కనుమరుగయ్యాక వెళ్ళి చూస్తే రెల్లుదుబ్బుల్లో ఇంకో మనిషి, తలకు దెబ్బ, స్పృహ లేదు. చదువుకున్నవాళ్ళు వేసుకునే చొక్కా. పక్కన కొత్త దోనె. భార్య సత్యవతి, తనూ కలిసి మోసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టారు. రేవుకు వచ్చేసరికి మాస్టారి సంగతి విన్నాడు.

"ఈయన బతికున్నాడని రేవులో ఒక్కళ్ళకి తెలిస్తే వాళ్ళకి తెలిసినట్టేనండి. చూసినవాణ్ణి వాళ్ళు వదలరు. దోనె సముద్రంలోకి పోయిందని చెబితే అందరూ ఆశ వదిలేసుకుంటారు, మాస్టారికి తెలివి వచ్చేదాకా ఊపిరి దొరుకుతుంది అనుకున్నాను. అమ్మగారి మీద కేసు పెడతారని నాకేం తెలుసండి? ఆవిడ ఏడుస్తుంటే రెండుసార్లు చెప్పబోయేను. కానిస్టేబులు బాబు గుమ్మంలోనే ఉన్నాడు, కిటికీ నిండా జనం."

బంగారరాజు జేబులోంచి సలోమి వాంగ్మూలం తీసి, నాలుగు మడతలు పెట్టి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఆమెతో ఏదో అనాలని చూశాడు. ఇంజను మోతలో ఆమె వినలేదు, లేదా విననట్టు ఉండిపోయింది.

నాలుగింటికి లంక చేరారు. సత్యవతి గుమ్మంలో నిలబడి, సలోమిని చూసి పక్కకు తప్పుకుంది. గుడిసెలో చీకటి. మంచం మీద మనిషి గోడవైపు తిరిగి ఉన్నాడు. తలకు గుడ్డకట్టు. ఒంటి మీద చారల చొక్కా. ఆ చొక్కా చూడగానే సలోమి మోకాళ్ళ మీద కూలబడి, "ఏవండీ" అంటూ ఆ భుజం మీద చెయ్యి వేసింది.

వేసిన చెయ్యి అంతే తొందరగా వెనక్కి తీసుకుంది. వంగి మొహం చూసింది. తల తిప్పినప్పుడు ఆమె కళ్ళల్లో నీళ్ళు లేవు.

"అన్నయ్యగారూ," అంది. "చొక్కా మావారిదే. ఈయన మావారు కాదు."

సింహాద్రి ఒక్క అంగలో వచ్చి మంచం పట్టుకుని ఆ మొహంలోకి చూశాడు. ఆ కదలికకు మంచం మీద మనిషి కళ్ళు తెరిచాడు. ముప్పై ఏళ్ళుంటాయి. మెడ మూటలు మోసి కాయలు కాసి ఉంది. రెండు మణికట్ల చుట్టూ తాడు కోసుకున్న ఎర్రని గాట్లు. వాటి మీద టింక్చరు పూసిన మరకలు. పోలీసు బట్టలు చూసి లేవబోతే ఏసుదాసు ఆపి, మంచం పట్టె మీద కూర్చుని, నీళ్ళు తాగించాడు. నీ పేరేమిటి నాయనా అని అడిగాడు.

పేరు పేతురు. బియ్యం పడవల మీద హమాలీ. దొంగబియ్యం ఎక్కడెక్కడ దిగుతోందో తాసిల్దారుగారికి ఉత్తరం రాయించాడు. ఆ సంగతి బయటపడింది. రాయించింది ఎవరితోనో చెప్పించాలని, నిన్న రాత్రి మొహానికి గోనెసంచి తొడిగి, చేతులు కట్టి, పడవలో ఆ బియ్యం తోలించే షావుకారు దగ్గరికి తీసుకుపోతున్నారు. పోటు మీద పడవ ఎగువకు వస్తుండగా, ఎలాగూ చావే కదా అని నీళ్ళలోకి దూకేశాడు. చుక్కాని తలకు తగిలింది. అరిచాడు. ఎవరో దోనె మీద వచ్చి రెక్క పట్టి లాగారు. గోనె తీశారు, కట్లు విప్పారు. పోటుకు దోనె వెనక్కి మళ్ళలేదు, ఈ లంకకు కొట్టుకొచ్చింది.

"వణికిపోతుంటే తన చొక్కా తీసి నాకు తొడిగేరండి. కాఫీ పట్టేరు. తెల్లారేక మా ఆవిడ దగ్గరికి పోదాం, నీకు రొట్టె పెడుతుంది, నాకు తిట్లు పెడుతుంది అన్నారండి." అతను సలోమి వైపు చూసి ఆగాడు. ఎవరో అర్థమైంది. "అప్పటికి చంద్రుడు దిగిపోయేడు. ఆళ్ళు పడవ మీద వచ్చేరండి. నన్ను పడవలో తెచ్చిన ఇద్దరూ. ఆళ్ళ చేతికి ఇచ్చేసరికే గోనె తొడిగేసి ఉంది, ఆళ్ళు నా మొహం చూడలేదండి. 'పేతురూ, ఉన్నావా' అని కేకేసేరు. నాకు లేచే ఓపిక లేదు. మాస్టారు నా నోటి మీద చెయ్యి పెట్టేరు. నన్ను రెల్లులోకి తోసేసి, చేతులెత్తి బయటికి నడిచేరండి. 'ఆయ్, పేతుర్నే' అన్నారు."

బంగారరాజు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఎక్కడికి తీసుకెళ్ళేరు?" అని అడిగాడు. పొద్దుటినుంచి మొదటిసారి అతని గొంతులో తొందర లేదు.

"దిండికి ఇవతల పాడుబడ్డ సున్నపు బట్టీ ఉందండి. దీపాలవేళకి షావుకారుగారు వస్తారు, అప్పటిదాకా ఊపిరితో ఉంచమన్నారు అని ఆళ్ళిద్దరూ అనుకుంటుంటే విన్నానండి."

"షావుకారుకు నీ మొహం తెలుసా?" అన్నాడు ఏసుదాసు.

"మూడేళ్ళు ఆయన దగ్గరే మూటలు మోసేనండి. మాస్టార్ని చూడగానే నేను కాదని తెలిసిపోతుందండి."

ఏసుదాసు గడియారం చూశాడు. నాలుగూ ఇరవై. దీపాలవేళకు ఇంకా గంటన్నర. బట్టీ ఎంత దూరమని అడుగుదామని తల తిప్పితే, మంచం పక్కన సలోమి లేదు. గుమ్మంలోంచి చూశాడు. ఇసుక దిగి, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, ఆమె ఒక్కర్తే లాంచీ లంగరు లాగేస్తోంది.